‘నెలనెలా డబ్బు పంపుతోంది కదండీ, ఇంకేం బాధ?’: గల్ఫ్ వలసలు, మనసు జబ్బులపై అపోహలు - వాస్తవాలు

రాజోలు, మలికిపురం, అమలాపురం, పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల ఏ ఊరెళ్ళినా కువైట్‌లోనో మస్కట్‌లోనో దోహాలోనో ఒకరున్న ఇల్లు తగులుతుంది. చాలా ఇళ్ళలో వెళ్ళింది ఆడమనిషే, ఇంటిపనికి. ఈ ప్రాంతంలో మానసిక వైద్యం చేస్తున్న నాకు ఆ ఇళ్ళవాళ్ళ నోట తరచూ వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి. వాటివల్ల చికిత్స నెలల తరబడి వెనక్కి పోతోంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: డబ్బు వస్తోందంటే అక్కడ బాగానే ఉన్నట్టు.

వాస్తవం: ఆ డబ్బే పెద్ద టెన్షన్. ఏజెంటుకి కట్టడానికి తెచ్చిన అప్పు తీరేదాకా, ఎంత కష్టంగా ఉన్నా వెనక్కి వచ్చే దారి ఉండదు. పైగా అకామా, అంటే అక్కడ ఉండి పని చేసుకోవడానికిచ్చే అనుమతి కార్డు, యజమాని పేరుతో ముడిపడి ఉంటుంది. పని నచ్చలేదని ఇంకో ఇల్లు చూసుకోవడం అంత తేలిక కాదు. కువైట్ 2015లో ఇంటిపనివాళ్ళ కోసం చట్టం చేసింది. రోజుకి 12 గంటలకి మించి పని చేయించకూడదు, వారానికో సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టు లాక్కోకూడదు. ఇవన్నీ అందులో ఉన్నాయి. కానీ నాలుగు గోడల మధ్య అది అమలవుతోందో లేదో చూసేవాళ్ళెవరు?

అన్నిటికంటే ముందు దెబ్బతినేది నిద్ర. రంజాన్ నెలలో ఇఫ్తార్ వంట, అతిథులు, గిన్నెలు అయ్యేసరికి సహరీ (తెల్లవారకముందు తినే భోజనం) వంట మొదలు. కునుకు తీసినా అది ముక్కలు ముక్కలుగానే. వారాల తరబడి నిద్ర లేకపోతే డిప్రెషన్ రావచ్చు. జబ్బు వచ్చే అవకాశం ముందే ఉన్నవాళ్ళకి మతి చలించడమూ జరుగుతుంది.

ఐఎంఓ (ఫోన్లో మాట్లాడుకునే యాప్) కాల్‌లో ‘బాగున్నాను’ అన్న మాటని ఒక్కదాన్నే నమ్మకండి. పక్కన మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, వింటూ ఉండొచ్చు. గొంతు గమనించండి. ఇదివరకు పిల్లల చదువు అడిగే మనిషి అడగడం మానేసిందా, చెప్పిందే చెబుతోందా, ‘నా అన్నంలో ఏదో కలుపుతున్నారు’ అంటోందా చూడండి. ఆఖరి మాటని ‘అనుమానం జబ్బు’ అని కొట్టిపారేయకండి. నిజంగానే కొడుతుండొచ్చు, తిండి పెట్టకపోతుండొచ్చు. అక్కడ ఏం జరుగుతోందో ముందు మెల్లగా కనుక్కోండి. హింస ఉందని తెలిస్తే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఇక్కడి నుంచే ఫిర్యాదు పెట్టొచ్చు.

అపోహ: తిరిగొచ్చాక తేడాగా ఉంటే గాలి సోకినట్టే, లేదా ఎవరో ఏదో పెట్టినట్టే.

వాస్తవం: నేను ఎక్కువగా బాధపడేది ఇక్కడే. అలాంటి మనిషి ఇంట్లో ఎలా ఉంటుందో చెబుతాను. తెల్లవారుజామున మూడింటికి లేచి, ఉతికిన బట్టలే మళ్ళీ మడతపెడుతుంది. ఎవరు పిలిచినా ఉలిక్కిపడి ‘జీ మామా’ అంటుంది. టీవీలో తన గురించే మాట్లాడుతున్నారని స్విచ్ కట్టేస్తుంది. కన్నకూతురు దగ్గరికొస్తే కొత్త మనిషిని చూసినట్టు చూస్తుంది. అత్తగారు తాయెత్తు కట్టిస్తుంది, తల్లి ఉపవాస ప్రార్థనలకి తీసుకెళ్తుంది, మరిది భూతవైద్యుడి కోసం తిరుగుతాడు. ప్రేమ లేక కాదు. ఈ లక్షణాలకి మందులున్నాయని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

మీ ప్రార్థనలు, మొక్కులు మానమని అనను. ఆ వారంలోనే ఆస్పత్రికీ రండి. థైరాయిడ్, రక్తహీనత, జ్వరం లాంటివేమైనా ఉన్నాయేమో ముందు చూస్తాం. ఇలాంటి జబ్బుకి మందు ఎంత త్వరగా మొదలుపెడితే కోలుకోవడం అంత బాగుంటుంది. కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. కదలడం కష్టమైతే 14416కి ఫోన్ చేయండి. అది టెలీమానస్, 2022లో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత లైను. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు.

అపోహ: ఒంట్లో మంటలు, గుండెదడ, తల వేడి అంటే అది గ్యాసే.

వాస్తవం: కావచ్చు. ఈసీజీ, పరీక్షలు అన్నీ బాగుండి, నిద్ర లేక, ఏదీ తినబుద్ధి కాక రెండు వారాలు దాటితే మాత్రం మనసు గురించి అడగాలి. మనవాళ్ళు దిగులుని ఒంటి బాధగానే చెప్పుకుంటారు.

అపోహ: ఇక్కడున్నవాళ్ళకేం, హాయిగా ఉన్నారు.

వాస్తవం: తల్లి వెళ్ళాక అమ్మమ్మ దగ్గరున్న పిల్లాడికి సోమవారం పొద్దున్నే కడుపునొప్పి వస్తుంది, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలవుతుంది. వాణ్ణి ఊరుకోబెట్టడానికి ‘అమ్మ వచ్చే నెల వచ్చేస్తుంది’ అని అబద్ధం చెప్పకండి. ఎప్పుడొస్తుందో తెలియకపోతే తెలియదనే చెప్పండి, ఫోన్ వచ్చే వేళ మాత్రం తప్పనివ్వకండి. భర్త తాగుడులో పడితే ఊరంతా తిట్టేదే. ఒక్కటి గుర్తుంచుకోండి. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్, మతి తప్పడం రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. గదిలో పెట్టి తాళం వేసి మాన్పించకండి. డాక్టరు కనిపెట్టుకుని ఉండగా మాన్పించాలి.

కాళ్ళ, ఆకివీడు, ఉండి మండలాల వైపు చేపల, రొయ్యల చెరువు గట్ల మీద షెడ్లలో కాపలా ఉండే జంటలదీ వలసే. ఒడిశా నుంచి వచ్చినవాళ్ళకి భాష కూడా తోడుండదు. చెరువు రైతులు మేత లెక్కతో పాటు వాళ్ళు నిద్రపోతున్నారా, ఇంటికి ఫోన్ చేసుకుంటున్నారా అని కూడా కనుక్కోవాలి.

అపోహ: చావు మాట అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుంది.

వాస్తవం: పుట్టదు. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా, నెమ్మదిగా అడగండి. చాలామందికి గుండె బరువు దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలొద్దు, పురుగుమందులు ఇంట్లోంచి తీసేయండి, అప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. పోలీసు కేసవుతుందని దాచకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి కూడా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించి, సంరక్షణ అందించాలంటుంది.

అపోహ: ఈ మాత్రలు మత్తు మాత్రలు, మొదలెడితే జీవితాంతం వాడాలి.

వాస్తవం: డిప్రెషన్ మందు నిద్రమాత్ర కాదు, అలవాటు పడేదీ కాదు. గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. కొన్ని జబ్బులకి మాత్రం ఎక్కువకాలం వాడాల్సి వస్తుంది, ఆ సంగతి ముందే అడిగి తెలుసుకోండి.

మళ్ళీ గల్ఫ్ వెళ్ళేవాళ్ళు ఈ మందుల్ని పొట్లం కట్టుకుని బ్యాగులో పడేసుకోకండి. కొన్ని నిద్రమాత్రలు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రల మీద ఆ దేశాల్లో గట్టి ఆంక్షలున్నాయి. కాగితం లేకుండా దొరికితే జైలుకి పోయే ప్రమాదం ఉంది. ఆ దేశంలో ఏ మందు అనుమతిస్తారో ముందే కనుక్కోండి. డాక్టరుతో ఇంగ్లీషులో చీటీ, జబ్బు పేరుతో ఉత్తరం రాయించుకోండి. మాత్రలు షాపువాళ్ళిచ్చిన స్ట్రిప్పుల్లోనే పెట్టుకోండి. ఆ కాగితాల ఫొటో ఇంట్లోవాళ్ళ ఫోన్లోనూ ఒకటి ఉంచండి.