సగమే కప్పిన బ్లేడు: రేడియల్ ఆర్మ్ సా గార్డు వెనుక కథ

అమెరికాలో క్రాఫ్ట్స్‌మన్ బ్రాండు పాత రేడియల్ ఆర్మ్ సా (చెక్క కోసే రంపపు యంత్రం) అమ్మకానికి వచ్చినప్పుడల్లా ఒక వాదన రేగుతుంది. బ్లేడును కప్పే తొడుగే గార్డు. అది చాలదని ఈ యంత్రాలు రీకాల్ అయ్యాయి, అంటే లోపం సరిచేయడానికి తయారీదారు వాటిని వెనక్కి పిలిచారు. అప్పుడు ఇస్తామన్న కొత్త గార్డు బిగించని యంత్రాన్ని అమ్మవచ్చా, కొన్నవారు వాడవచ్చా అన్నదే ప్రశ్న. 1922లో రేమండ్ డివాల్ట్ ఈ యంత్రాన్ని రూపొందించిన తీరు, ఆయన పేరు పెద్ద బ్రాండుగా మారిన వైనం చెక్కపనివారికి తెలిసినవే కనుక వాటి జోలికి పోనక్కరలేదు. అడ్డకోత కోసం పుట్టిన యంత్రం ఇంట్లో అన్ని కోతలూ కోసే యంత్రంగా అమ్ముడుపోయినప్పుడు, దాని గార్డు మాత్రం ఎందుకు మారలేదన్నది అసలు విషయం.

ఈ యంత్రంలో బల్ల పైన చేయిలా చాచిన ఇనుప దూలం వెంట మోటారు, బ్లేడు కలిసి జారతాయి. అడ్డకోతలో, అంటే చెక్క నారకు అడ్డంగా కోసేటప్పుడు, చెక్క కదలదు. బ్లేడునే మన వైపు లాగుతాం. అది తిరిగే దిశ వల్ల చెక్క మీదికి ఎక్కుతూ తనంతట తానే ముందుకు దూసుకొస్తుంది కనుక, లాగవలసిన చేయి చాలాసార్లు దాన్ని నిలవరించవలసి వస్తుంది. నార వెంట కోసే నిలువుకోతకైతే మోటారును 90 డిగ్రీలు తిప్పి బిగించి, చెక్కనే బ్లేడులోకి నెట్టాలి. ప్రమాదమంతా ఇక్కడుంది. తప్పు కొస నుంచి నెడితే బ్లేడు చెక్కను లాక్కుని అవతలికి విసురుతుంది, పట్టుకున్న చేయి కూడా దాని వెంట పోవచ్చు. సరైన కొస నుంచే నెట్టినా, కోసిన సందు మూసుకుని బ్లేడును పట్టేస్తే చెక్క నెట్టేవాడి మీదికే తన్నుతుంది. సందు మూసుకోకుండా చూసే స్ప్రెడర్ రేకును, వెనక్కి వచ్చే చెక్కను కరిచి ఆపే పళ్లను గార్డుకు ఒక కడ్డీతో తగిలించింది ఇందుకే. ఇంత సరంజామా ఉన్నా, ఆ గార్డు కప్పేది బ్లేడు పై సగాన్నే.

దీనికి జవాబు తెలియక కాదు. 1970 నాటి వృత్తి భద్రతా చట్టం కింద వచ్చిన చెక్కపని యంత్రాల నిబంధనలు, అంతకు ముందే ఉన్న జాతీయ ప్రమాణాన్ని ఆధారం చేసుకుని, రేడియల్ రంపాల గురించి విడిగా చెప్పాయి: చెక్క మందాన్ని బట్టి తనంతట తానే లేచి దిగుతూ బ్లేడు కింది భాగాన్ని పక్కల నుంచి కప్పే గార్డు ఉండాలి, ఈ కొస నుంచి నిలువుకోత కోయరాదని హెచ్చరించే చీటీ గార్డు వెనుక శాశ్వతంగా అంటించి ఉండాలి. ఆ చీటీ కనీస కొలతలు కూడా (ఒకటిన్నర అంగుళాలు, ముప్పావు అంగుళం) రాశారు. అయితే ఆ చట్టం పనిచేసే చోటుకే పరిమితం. కూలి మీద కోసే వడ్రంగికి వర్తించిన నియమం, ఆదివారం తన గ్యారేజీలో కోసుకునే యజమానికి వర్తించలేదు. నేటి తగాదాకు మూలం ఈ గీతేనని ఈ రచయిత అభిప్రాయం.

ఎమర్సన్ కంపెనీ తయారుచేయగా సియర్స్ దుకాణాలు అమ్మిన ఈ క్రాఫ్ట్స్‌మన్ యంత్రాల్లో 1958 నుంచి 1992 వరకు అమ్ముడైనవి సుమారు 37 లక్షలు, బ్లేడును పూర్తిగా కప్పే గార్డు లేదన్న కారణంతో 2000 నవంబరులో రీకాల్ అయ్యాయి. అప్పటికే 300కు పైగా గాయాలు నమోదయ్యాయి; వాటిలో వేళ్లు తెగినవీ ఉన్నాయి. ఎగిరిన చెక్క ఛాతీకి తగిలి ఒకరు మరణించారు. వీలున్న మోడళ్లకు కొత్త గార్డు, కొత్త బల్ల ఉచితంగా ఇస్తామన్నారు. అవి సరిపోని మోడళ్లకు, మోటారు భాగాన్ని ఊడదీసి పంపితే 100 డాలర్లు ఇస్తామన్నారు.

కొత్త గార్డు కోతగీతను కనబడనివ్వదని, మాన్యువల్ చదివి వాడేవారికి దానితో పనిలేదని పాత యంత్రాల అభిమానులు అంటారు. మొదటి మాటలో కొంత నిజముంది. రెండోది, మూడు వందల గాయాల తర్వాత, వినడానికి కష్టంగా ఉంటుంది. నూరు డాలర్ల కోసం మంచి మోటారును పాతసామానుకు పంపడం మీద వారి బాధ మాత్రం సమంజసమే. మోటారు పోయాక మిగిలేది ఇనుప స్తంభం, దూలం, బల్ల.

అమ్మకం సంగతికి వస్తే, 2008లో సవరించిన వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా చట్టం ప్రకారం రీకాల్ అయిన వస్తువును సరిచేయకుండా అమ్మడం చట్టవిరుద్ధం. ఇంటి ముందు పెట్టుకునే పాతసామాను అమ్మకానికీ ఇది వర్తిస్తుంది. రీకాల్ అయిన యంత్రాల మోడల్ నంబరు 113తో మొదలవుతుంది.