తంబురా అల, విస్పర్ సంకేతం

“సరదాగా సొంత రేడియో స్టేషన్లు నడిపే హామ్ రేడియో వాళ్లు 200 మిల్లీవాట్లతో వేల కిలోమీటర్ల అవతలికి సంకేతం పంపామంటారు. దసరా పందిరికి కట్టే సీరియల్ లైట్ల దండలో మూడు గింజలు వెలగడానికి సరిపోయే శక్తి కదా అది, అంత దూరం పోయాక రొదలో కలిసిపోదా?” అని ఒక ఇంజనీరింగ్ విద్యార్థి అడిగాడు. అయనావరణం (భూమికి ఎత్తున ఉండే విద్యుదావేశిత వాయు పొరలు) షార్ట్‌వేవ్ తరంగాలను వంచి తిరిగి నేలకు దించుతుందన్న సంగతి పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే కనుక దాన్ని వదిలేసి, దిగిన తరంగాన్ని రొదలోంచి ఏరుకునే తీరు గురించి మాత్రమే రాస్తాను.

ఈ ప్రయోగాల్లో పేరుపొందిన పద్ధతి డబ్ల్యూఎస్‌పీఆర్ (వీక్ సిగ్నల్ ప్రాపగేషన్ రిపోర్టర్). హామ్‌లు దాన్ని ‘విస్పర్’ అని పలుకుతారు. గుసగుస అని అర్థం. 2008లో దీన్ని వెలువరించిన జోసెఫ్ టేలర్ ఖగోళ శాస్త్రవేత్త. 1974లో రసెల్ హల్స్‌తో కలిసి జంట పల్సార్‌ను (గిర్రున తిరుగుతూ క్రమం తప్పని రేడియో స్పందనలు పంపే మృత నక్షత్రమే పల్సార్, ఇది మరో నక్షత్రంతో జతకట్టినది) కనుగొన్నందుకు 1993లో ఆ ఇద్దరికీ భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. రొదలో మునిగిన పల్సార్ స్పందనలను ఒకదానిపై ఒకటి పేర్చి పైకి తేల్చడంలో చేయి తిరిగిన మనిషి కనుక, రేడియో సంకేతం విషయంలోనూ ఆయన ఓపికనే నమ్ముకున్నాడు.

తంబురా శ్రుతి చేసేవారిని గమనించండి. రెండు తీగలు ఇంచుమించు ఒకే స్వరానికి వచ్చినప్పుడు నాదం అలలా పెరిగి తగ్గుతూ ఉంటుంది. తీగలు శ్రుతికి దగ్గరయ్యేకొద్దీ ఆ అల నెమ్మదిస్తుంది. తీగల మధ్య తేడా సెకనుకు 1.46 కంపనాలైతే ఒక అల పూర్తి కావడానికి 0.683 సెకను పడుతుంది. చుట్టూ గోల ఉన్నప్పుడు అంతసేపైనా వినకుండా ఆ రెండూ వేరువేరు తీగలని రూఢిగా చెప్పడం ఎంతటి విద్వాంసుడికైనా కష్టమే. విస్పర్ సరిగ్గా ఈ లెక్క మీదే నిలబడింది: అది వాడేవి నాలుగే స్వరాలు, పక్కపక్క స్వరాల మధ్య ఎడం 1.4648 హెర్ట్జ్, ఒక్కో స్వరం నిలిచేది 0.683 సెకను. అలాంటి 162 స్వరాలు పలకడానికి 110.6 సెకన్లు పడుతుంది. (తరగతి గదిలో ఈ సంబంధాన్ని ఫూరియే సూత్రంగా బోర్డు మీద రాసి వదిలేస్తారు, ఒక తంబురా తెచ్చి మీటితే పది నిమిషాల్లో చెవికే అర్థమవుతుంది.)

రొద జాతరలోని డప్పుల మోతలా అన్ని పౌనఃపున్యాల మీదా పరచుకొని ఉంటుంది కనుక, ఎంత సన్నని సందులోంచి వింటే అంత తక్కువ రొద లోపలికి వస్తుంది. మాటలు వినే రిసీవర్ దాదాపు 2500 హెర్ట్జ్ వెడల్పున తలుపు తెరుస్తుంది. విస్పర్ స్వరం పట్టే సందు అందులో 1700వ వంతు. ‘రొద కన్నా 28 డెసిబెల్స్ కింద ఉన్న సంకేతాన్ని కూడా పట్టేస్తుంది’ అని దీన్ని మహిమలా వర్ణించడం నాకు నచ్చదు. సంకేతం రొదలో 630వ వంతే అన్నది నిజమే, కానీ ఆ పోలిక పెద్ద తలుపులోంచి వచ్చిన మొత్తం రొదతో చేసింది. 1700ను 630తో భాగిస్తే 2.7 వస్తుంది, తన సందులో సంకేతం రొద కన్నా 2.7 రెట్లు బలంగానే ఉందన్నమాట.

ఆ పాటి బలంతో ప్రతి స్వరాన్నీ తప్పు లేకుండా గుర్తించలేం కనుక పొదుపూ పునరుక్తీ రెండూ కావాలి. పంపేవి మూడే సంగతులు: కాల్‌సైన్ (స్టేషన్‌ను గుర్తించే పేరు), ఉనికి, వాడిన శక్తి. కాల్‌సైన్‌లోని అక్షరాల, అంకెల కలయికలు 37 × 36 × 10 × 27 × 27 × 27, అంటే 26,21,77,560. 28 బిట్లలో (0 లేదా 1 పట్టే 28 స్థానాల్లో) పట్టేవి 26,84,35,456. భూమిని 180 × 180 గడులుగా విభజిస్తే 32,400. 15 బిట్లకు 32,768. (హైదరాబాద్ గడి ఎంకే97, విశాఖపట్నానిది ఎన్‌కే17.) శక్తికి 7 బిట్లు కలిపితే మొత్తం 50. వీటి చివర 31 సున్నాలు చేర్చి, ఒక్కో బిట్‌కు రెండేసి చొప్పున 162 బిట్లుగా అల్లుతారు. ఆ అల్లికలో ప్రతి బిట్ ప్రభావం చాలా స్వరాల్లోకి పాకుతుంది కనుక కొన్ని స్వరాలు చెడినా వార్త దక్కుతుంది.

14 మెగాహెర్ట్జ్ మీద 1.46 హెర్ట్జ్ అంటే ఇంచుమించు కోటిలో ఒక వంతు. సీలింగ్ ఫ్యాన్ గాలి తగిలి ప్రసార యంత్రంలో స్వరాన్ని నిలబెట్టే స్ఫటికం కాస్త చల్లబడినా స్వరం పక్కకు జరగవచ్చు, అందుకే చాలామంది దాన్ని దూదిలోనో థర్మోకోల్ పెట్టెలోనో దాస్తారు. ప్రసారం సరి నిమిషాల్లోనే మొదలవుతుంది కనుక రెండు వైపులా గడియారాలూ కలవాలి. మరి ఇంకా నెమ్మదిగా పలికితే ఇంకా తక్కువ శక్తి చాలదా? చాలదు; అయనావరణపు పొరలు పైకీ కిందికీ కదులుతూ డాప్లర్ ప్రభావంతో (కదిలే వస్తువును తాకి వచ్చిన అల పౌనఃపున్యం మారడంతో) స్వరాన్ని తామే కాస్త చెదరగొడతాయి. చెదిరిన స్వరానికి సందును మరింత బిగిస్తే రొదతో పాటు సంకేతమూ బయటే ఉండిపోతుంది.

2014 మార్చి 8న అదృశ్యమైన మలేసియా విమానం ఎంహెచ్370 దారిని, ఏ స్టేషన్ ఎవరి సంకేతం విన్నదో నమోదైన విస్పర్ పాత రికార్డుల్లో కనుగొనవచ్చని కొందరు గట్టిగా వాదించారు, టేలరే స్వయంగా ఆ వాదనను కొట్టిపారేశాడు. పంపిన, విన్న రెండు స్టేషన్లకూ వేల కిలోమీటర్ల దూరంలో ఎగిరే విమానాన్ని తాకి చెదిరిన తరంగం, నేరుగా వచ్చిన సంకేతంతో పోలిస్తే ఎన్నో రెట్లు బలహీనం. రికార్డుల్లో కనిపించే ఒడుదొడుకులకు అయనావరణపు కదలిక ఒక్కటే చాలు, విమానం అక్కర్లేదు.