పక్షవాతం తర్వాత రికవరీ: పడుకోబెడితే వచ్చేది కాదు

గుంటూరులో పక్షవాతం వచ్చినవాళ్ల ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేయిస్తుంటాను. ఏ ఇంటికి వెళ్లినా ఒకటే మాట: "ఇంకా రికవరీ రాలేదండీ, వచ్చాక నడిపిద్దామని ఆగాం." ఉన్న అపోహలన్నిట్లోకీ మనుషుల్ని నిలువునా ముంచేది ఇదే. కొత్తపేట ఆసుపత్రుల నుంచి డిశ్చార్జి చేయించుకొచ్చి ముందు గదిలో మంచం వేసి పడుకోబెడతారు. అన్నం కలిపి నోట్లో పెడతారు, ఒళ్లు తుడుస్తారు, చొక్కా తొడుగుతారు. మాత్రలు పనిచేస్తే బలం అదే వస్తుందని నెలల తరబడి ఎదురుచూస్తారు.

అలా రాదు. బీపీ మాత్ర, కొవ్వు మాత్ర, మెదడు రక్తనాళంలో గడ్డకట్టిన రకమైతే రక్తం పలచబడే మాత్ర, ఇవన్నీ మళ్లీ స్ట్రోక్ రాకుండా ఇచ్చేవి. చేయి లేపడం వాటి పని కాదు. మెదడులో చచ్చిపోయిన కణాలు తిరిగి బతకవు, మిగిలిన భాగాలు ఆ పని నేర్చుకోవాలి. ప్రకాశం బ్యారేజీ మీద బళ్లు ఆపేస్తే వారధి మీదుగా చుట్టు తిరిగి బెజవాడ చేరుకోమూ, అలాగే. ఆ దారి పడాలంటే ఒకే పనిని వందలసార్లు చేయాలి. అలా నేర్చుకునే శక్తి మెదడుకు మొదటి 3 నెలల్లో ఎక్కువ. మనవాళ్లు సరిగ్గా ఆ 3 నెలలే విశ్రాంతి పేరుతో పోగొడతారు. ఈలోపు భుజం బిగుసుకుపోతుంది, నడుం కింద పుండ్లు పడతాయి, కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, వాడకుండా వదిలేసిన చేతిని వాడటమే మనిషి మానేస్తాడు.

మిర్చి యార్డు దగ్గర తొడిమలు తీసే పనికెళ్లే ఒక పెద్దావిడ ఇంటికి కబురొస్తే వెళ్లాను. కుడి చేయి పడిపోయి అప్పటికే రెండు నెలలు దాటింది. పిడికిలి గట్టిగా బిగుసుకుంది. వేళ్లు ఒక్కొక్కటే మెల్లగా విప్పితే అరచేయి తెల్లగా నానిపోయి ఉంది, గోళ్లు గుచ్చుకున్న గుర్తులు నాలుగు వరసగా ఉన్నాయి. కోడలు కళ్లనీళ్లు పెట్టుకుంది. "అత్తయ్యని కష్టపెట్టడం ఎందుకని అన్నీ నేనే చేస్తున్నానండీ" అంది. ఆ పిల్లని ఏమనగలం? ఎంత ప్రేమ లేకపోతే అంత చాకిరీ చేస్తుంది! చేయవద్దని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఆ చేతిని సాగదీసి, వేళ్లు విప్పుకోవడం వచ్చాక, చిక్కుడుకాయలు ఒక పళ్లెంలో పోయించి ముందు పెట్టాను. ఎడమ చేత్తో కాయ పట్టుకుని కుడి చేత్తో ఈనె లాగాలి. కాయ జారిపోతుంటే కోడలు అందుకోబోయేది, నేను ఆపేదాన్ని. తొడిమలు తీసిన వేళ్లు కదా, ఆ కదలిక ఆవిడకి కొత్త కాదు. రోజూ అదే పని. ఇప్పుడు గ్లాసు పట్టుకుని మంచినీళ్లు తాగుతుంది, స్పూనుతో అన్నం తింటుంది, వీధి చివరిదాకా నడుస్తుంది. జాకెట్టు హుక్సు మాత్రం ఇంకా పెట్టుకోలేదు. ఇంకా ముందే మొదలుపెట్టి ఉంటే అదీ వచ్చేదేమో అని నాకు బాధ.

"కదిలిస్తే మళ్లీ స్ట్రోక్ వస్తుందట కదండీ?" రాదు. పరిస్థితి నిలకడగా ఉందని డాక్టరుగారు చెప్పగానే, చాలామందికి ఒకటి రెండు రోజుల్లోనే, కూర్చోబెట్టడం మొదలవుతుంది. మొదటి 24 గంటల్లోనే గట్టిగా లేపి నడిపించడం మంచిది కాదు కానీ, ఆ తర్వాత మంచానికి అతుక్కుపోవడం అంతకంటే చెడ్డది. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2023 మార్గదర్శకాల్లో, ఓర్చుకోగలిగినవాళ్లకు ఫిజియో, చేతిపనులు, మాట సాధన అన్నీ కలిపి రోజుకు కనీసం 3 గంటలు, వారానికి కనీసం 5 రోజులు చేయించమని చెప్పింది. నేను వచ్చి వెళ్లే కాసేపుతో అది నిండదు. దువ్వెన పట్టించడం, తువ్వాలు మడతపెట్టించడం, కుర్చీలోంచి లేపి కూర్చోబెట్టడం ఇంట్లోవాళ్లే చేయించాలి. పడిపోకుండా పక్కన నిలబడండి, పని మాత్రం వాళ్లనే చేయనివ్వండి.

పడిపోయిన చేతికీ కాలికీ పావురం రక్తం పూస్తే నయమవుతుందని ఎవరైనా అంటే నాకు ఓపిక ఉండదు. చర్మం మీద పూసిన రక్తం మెదడుకు ఏ దారిన వెళుతుంది? పసరు మందు కోసం ఊళ్లు తిరిగేవాళ్లకు ఒక్కటే చెబుతాను, పథ్యం పేరుతో బీపీ మాత్రలు ఆపేయకండి. రెండోసారి వచ్చేది సాధారణంగా మొదటిదానికంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

మెత్తటి బంతి ఇచ్చి పిసకమంటారు. పిడికిలి అసలే బిగుసుకుంటుంటే ఇంకా బిగించడం దేనికి? విప్పడం నేర్పాలి. పడిపోయిన చేయి పట్టుకుని పైకి లాగితే భుజం కీలు జారుతుంది, లేపేటప్పుడు నడుం దగ్గర పట్టుకోండి. పడుకోబెట్టి నీళ్లు పోయకండి, పొరపోయి ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. మూతి వంకర, చేయి వాలిపోవడం, మాట ముద్ద, వీటిలో ఏది హఠాత్తుగా వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. సీటీ స్కాన్ తీసి గడ్డ అని తేలితే, కరిగించే ఇంజెక్షన్‌కు ఉన్న గడువు లక్షణాలు మొదలైనప్పటి నుంచి సాధారణంగా నాలుగున్నర గంటలే.

ఇక 3 నెలలు దాటిపోయాయని గుండెలు బాదుకునేవాళ్లకు: తలుపు మూసుకుపోలేదు. వేగం తగ్గుతుంది, అంతే. ఏడాది దాటాక కూడా నడక మెరుగుపడినవాళ్లు నా దగ్గరే ఉన్నారు. దగ్గర్లోని ఫిజియో దగ్గరికి ఈ వారమే తీసుకెళ్లండి. డిశ్చార్జి సమ్మరీ, మాత్రల చీటీ, వెనక పట్టీ ఉన్న చెప్పులు వెంట ఉంచుకోండి. హవాయి చెప్పులతో నడిపించవద్దు, పడిపోయిన కాలికి అవి నిలవవు.