మనిషి కదలికను కన్ను ఎలా చదువుతుంది? ఒక యానిమేటర్ చెప్పే అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో యానిమేషన్ చేస్తాను. క్లయింట్లూ, కొత్తగా చేరిన కుర్రాళ్లూ తరచూ అనే మాటలివి.

అపోహ: చర్మం, జుట్టు, బట్టల మడతలు ఎంత బాగా కుదిరితే బొమ్మ అంత మనిషిలా ఉంటుంది.

వాస్తవం: స్వీడన్‌లోని ఉప్సలాలో గున్నార్ యోహాన్సన్ అనే మనస్తత్వవేత్త మనుషుల కీళ్ల దగ్గర వెలుగు చుక్కలు పెట్టి, చీకట్లో నడిపించి చిత్రీకరించాడు. 1973లో ఆ ఫలితాలు ప్రకటించాడు. ఉన్నవి పది పన్నెండు చుక్కలే. మొహం లేదు, ఒళ్లు లేదు. చుక్కలు కదలకుండా ఉన్నంతసేపూ చూసేవాళ్లకు అదేమిటో అంతుపట్టలేదు. కదిలాయో లేదో, మనిషి నడుస్తున్నాడన్నారు! సెకనులో అయిదో వంతు చూసినా చాలని తర్వాత తేలింది. అవే చుక్కల్ని తలకిందులుగా చూపిస్తే మాత్రం పోల్చుకోవడం బాగా కష్టం. అందుకే నేను ముందు బూడిదరంగు బొమ్మ మీదే నడక ఓకే చేయించుకుంటాను. నేల మీద పాదం జారుతుంటే పైన ఎంత మంచి షేడర్ (బొమ్మకు రంగు, మెరుపు ఇచ్చే పైపూత) వేసినా దండగే.

అపోహ: తెలిసినవాళ్లను నడక చూసి ఇట్టే పట్టేస్తాం.

వాస్తవం: 1977లో అమెరికాలో కట్టింగ్, కోజ్లోవ్‌స్కీ అనే పరిశోధకులు, చూసేవాళ్లకు వాళ్ల స్నేహితుల నడకనే ఇలా చుక్కల్లో చూపించారు. జనం గుడ్డిగా ఊహించే దానికన్నా మెరుగ్గా చెప్పారు గానీ, సగం సార్లు కూడా సరిగ్గా చెప్పలేకపోయారు. సీసీ కెమెరా చూసి "ఆ నడక వాడిదే" అని ఒట్టేసేవాళ్లు కాస్త ఆగాలి. ఇంకో వింత ఉంది. 2005 నాటి ఓ అధ్యయనంలో స్నేహితుల కదలికల కన్నా తమ కదలికల్నే బాగా పోల్చుకున్నారు. మనల్ని మనం బయటి నుంచి చూసుకునేదే అరుదు కదా! అంటే చూసే పనిలో ఒంటి అనుభవం కూడా పాలుపంచుకుంటోందన్నమాట.

అపోహ: కంటిలో బొమ్మ కాసేపు నిలిచిపోతుంది కాబట్టే సినిమా కదులుతుంది.

వాస్తవం: అదే కారణమైతే ఫ్రేములన్నీ ఒకదాని మీద ఒకటి పడి అలుక్కుపోవాలి. కదలిక అనేది మెదడు కట్టుకునేదని 1912లోనే మనస్తత్వవేత్త మాక్స్ వెర్థైమర్ వాదించాడు.

అపోహ: రెండు పోజులు బాగుంటే మధ్యది కన్నే పూరించుకుంటుంది.

వాస్తవం: పూరించుకుంటుంది, వ్యవధిని బట్టి. 1990లో షిఫ్రార్, ఫ్రెయిడ్ అనే పరిశోధకులు, చెయ్యి చోటు మారిన రెండు ఫొటోలను మార్చి మార్చి చూపారు. చకచకా మారితే చెయ్యి ఒంట్లోంచి దూసుకుపోయినట్టు కనిపించింది. కాస్త నిదానిస్తే, నిజం చెయ్యిలాగే ఒంటిని చుట్టి వెళ్లింది. సాఫ్ట్‌వేర్‌కు ఆ తెలివి లేదు. ఐకే (అరచేతిని జరిపితే మోచెయ్యి దానంతటదే సర్దుకునే అమరిక) పెట్టిన చేతికి మొదటి, చివరి పోజులు రెండే ఇచ్చి వదిలేస్తే అడ్డంగా ఛాతీలోంచి లాక్కుపోతుంది. బ్రేక్‌డౌన్ పోజు, అంటే మధ్యలో చెయ్యి వెళ్లే దారి చూపే పోజు, మనమే పెట్టాలి.