ట్యాగ్‌కు తెలిసింది ఒక్క నంబరే

నెల్లూరు వైపు నుంచి చెన్నైకి వచ్చే సరుకు లారీని దారి పొడవునా యంత్రాలు చదువుతుంటాయి. నల్లూరు టోల్‌ప్లాజాలో ముందు అద్దం మీది ఫాస్టాగ్‌ను ఒక రీడర్ చదువుతుంది. శ్రీసిటీలో నింపిన ఎగుమతి కంటైనర్ అయితే, దాని తలుపుకు బిగించిన ఈ-సీల్‌ను, అంటే చిప్ ఉన్న సీలును, పోర్టు దగ్గర కస్టమ్స్ వాళ్లు చదువుతారు. రెడీమేడ్ బట్టలైతే రెడ్‌హిల్స్ గోడౌన్ తలుపు దగ్గర అట్టపెట్టెలు విప్పకుండానే లోపలి చొక్కాలన్నిటినీ లెక్కపెట్టేయొచ్చు. వీటన్నిటి వెనకా ఉన్నది ఆర్ఎఫ్ఐడీ, అంటే వస్తువుకు అంటించిన చిన్న ట్యాగ్‌ను రీడర్ అనే యంత్రంతో చదివి, రేడియో తరంగాలతో వస్తువును గుర్తుపట్టే పద్ధతి.

ఇంతగా వాడుకలోకి వచ్చినా దీని మీద ఒక అపోహ గట్టిగా పాతుకుపోయింది. ట్యాగ్ అంటిస్తే చాలు, సరుకు ఎక్కడుందో ఎప్పటికప్పుడు తెలుస్తుందనుకుంటారు. అలా అనుకునే లక్షలు పోసి, తర్వాత నిరాశపడే వ్యాపారులున్నారు. ట్యాగ్‌కు తానెక్కడుందో తెలియదు. దానికి తెలిసింది ఒక నంబరు, అదీ రీడర్ అడిగితేనే చెబుతుంది. ఈ పరిమితి తెలిసి వాడుకున్నవాళ్లకు మాత్రం ఇది అద్భుతంగా పనిచేస్తుంది.

ట్యాగ్ ఉన్న పల్చటి లేబుల్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే లోపల అల్యూమినియం గీత మెలికలు తిరుగుతూ కనిపిస్తుంది. అది యాంటెన్నా. మధ్యలో మిల్లీమీటరు కన్నా చిన్న నల్ల చుక్క, అది చిప్. బ్యాటరీ ఎక్కడా ఉండదు. మన దేశంలో సరుకు ట్యాగ్‌లు పనిచేసే 866 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో తరంగం పొడవు సుమారు 35 సెంటీమీటర్లు. అందులో సగం పొడవుంటే యాంటెన్నాకు బాగుంటుంది. లేబుల్‌లో అంత చోటు లేదు కాబట్టి ఆ మెలికలు.

చిప్‌కు కావలసిన కరెంటును కూడా రీడరే రేడియో తరంగాల్లో పంపుతుంది. ఓ పది మైక్రోవాట్లు అందితే చిప్ మేలుకుంటుంది. జవాబు చెప్పడానికి సొంతంగా తరంగం పుట్టించే శక్తి దానికి లేదు. వచ్చిన తరంగాన్నే ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా వెనక్కి పంపుతుంది. పిల్లలు అద్దం ముక్కతో ఎండను గోడ మీదికి కొట్టి ఆడుకుంటారే, అలాగ. ప్రతిఫలించిన శక్తితో కబురు పంపవచ్చని హ్యారీ స్టాక్‌మన్ అనే ఇంజినీరు 1948లోనే రాశాడు. దానికి తగినంత చవగ్గా చిప్ చేయడం చాతనయ్యేసరికి అర్ధ శతాబ్దం గడిచింది. 1999లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో మొదలైన ఆటో-ఐడీ సెంటర్ ఒక తెలివైన నిర్ణయం తీసుకుంది. ట్యాగ్‌లో నంబరు మాత్రమే ఉంచి, మిగతా వివరాలన్నీ కంప్యూటర్లకు వదిలేసింది. చిప్ ధర తగ్గడానికి అదొక పెద్ద కారణం.

ఫాస్టాగ్‌లోనూ అంతే, డబ్బు బ్యాంకు ఖాతాలో ఉంటుంది, అద్దం మీద ఉండదు. కారు అద్దం తుడుస్తున్న కుర్రాడు చేతి వాచీతో ఫాస్టాగ్ డబ్బు కొట్టేస్తున్నట్టు 2022లో ఒక వీడియో ఊరూరా తిరిగింది. అది అబద్ధమని ఫాస్టాగ్ చెల్లింపుల వ్యవస్థను నడిపే ఎన్‌పీసీఐ ప్రకటించాల్సి వచ్చింది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ట్యాగ్‌లు వంతులవారీగా పలికే తీరు. అట్టపెట్టెలో అరవై చొక్కాలుంటే అరవై ట్యాగ్‌లూ ఒక్కసారే మేలుకుంటాయి. అన్నీ కలిసి పలికితే రీడర్‌కు ఒక్క ముక్కా అర్థం కాదు. అందుకని రీడర్ ముందుగా ఒక హద్దు చెబుతుంది, 0 నుంచి 63 అనుకుందాం. ప్రతి ట్యాగూ ఆ హద్దులో ఏదో ఒక సంఖ్య అనుకుంటుంది. రీడర్ ఆదేశం ఇచ్చినప్పుడల్లా ఒకటి తగ్గించుకుంటూ పోతుంది. సున్నాకు చేరిన ట్యాగ్ పలుకుతుంది. ముందుగా 16 బిట్ల తాత్కాలిక సంఖ్య చెబుతుంది. రీడర్ దాన్ని తప్పు లేకుండా తిరిగి అప్పజెబితేనే అసలు నంబరు బయటపెడుతుంది. రెండు ట్యాగ్‌లు ఒకే సంఖ్య అనుకుంటే మాటలు కలిసిపోతాయి, వాటికి తర్వాతి విడతలో మళ్లీ అవకాశం. ఇలాంటివి ఎక్కువైతే రీడర్ హద్దు పెంచుతుంది, ఖాళీ వంతులు ఎక్కువైతే తగ్గిస్తుంది. ఈ ఉపాయానికి మూలం హవాయి దీవుల కంప్యూటర్లను రేడియోతో కలపడానికి 1970ల మొదట్లో అక్కడి విశ్వవిద్యాలయంలో తయారైన అలోహా పద్ధతి. దీని పుణ్యాన ఒక్క సెకనులో వందల ట్యాగ్‌లు చదవవచ్చు.

అయితే నీరు ఈ తరంగాలను పీల్చేస్తుంది, లోహం వెనక్కి కొట్టేస్తుంది. అమెరికాలోని పెద్ద దుకాణాల సంస్థ వాల్‌మార్ట్‌కు ఇది గట్టిగానే ఎదురైంది. తనకు సరుకిచ్చే పెద్ద కంపెనీలు వందా 2005 జనవరికల్లా పెట్టెలకు ట్యాగ్‌లు వేయాలని 2003లో చెప్పింది. ద్రవాల సీసాలు, లోహపు డబ్బాలు ఉన్న చోట ట్యాగ్‌లు సరిగ్గా పలకలేదు, ఖర్చు చూసి కంపెనీలు వెనకాడాయి. బట్టల్లో నీరూ లేదు, లోహమూ పెద్దగా లేదు. ఈ పద్ధతి నిలదొక్కుకున్నది అక్కడే. షాపు కంప్యూటర్‌లోని స్టాకు అరల్లోని స్టాకుతో కలిసేది 65 శాతం దాకానేనని, ట్యాగ్‌లతో అది 95 శాతం దాటుతుందని అమెరికాలో ఆబర్న్ యూనివర్సిటీ ల్యాబ్ లెక్కగట్టింది. బార్‌కోడ్ అయితే ఒక్కో చొక్కా తీసి చూపాలి కాబట్టి ఏడాదికోసారి లెక్కించడమే గగనం. ట్యాగ్‌లైతే చేతి రీడర్ పట్టుకుని అరల మధ్య నడిస్తే చాలు, వారం వారం లెక్కపెట్టుకోవచ్చు.

గోడౌన్‌లో అసలు చిక్కు వేరే. "చదవకపోతే పట్టుకోవచ్చు సార్, వద్దన్నవి చదివేస్తేనే టెన్షన్," అన్నాడు రెడ్‌హిల్స్‌లో పనిచేస్తున్న నాయుడుపేట సూపర్‌వైజర్. తలుపు పక్కన ఊరికే ఆపిన ప్యాలెట్ (పెట్టెలు పేర్చిన పలక) కూడా రీడర్‌కు వినిపిస్తుంది, లారీ ఎక్కినట్టు లెక్క పడిపోతుంది. అందుకే రీడర్ శక్తి తగ్గిస్తారు, తలుపుల మధ్య రేకు అడ్డం పెడతారు, ప్యాలెట్ గడప దాటేటప్పుడు మాత్రమే రీడర్ పనిచేసేలా సెన్సర్ పెడతారు. నేల మీద పసుపు గీత గీసి, దాని ఇవతల ఏదీ ఆపకూడదని నియమం పెట్టడం వీటన్నిటికన్నా చవక.

ఫ్యాక్టరీలోనే సొంతంగా సీలు వేసుకునే ఎగుమతిదారులకు 2017 నుంచి ఆర్ఎఫ్ఐడీ ఈ-సీల్ తప్పనిసరి చేశారు. సీల్ నంబరు చదవగానే దానికి ముడిపడిన షిప్పింగ్ బిల్లు (ఎగుమతికి కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం), కంటైనర్ నంబరు తెర మీదికి వస్తాయి. సీలును కోసినట్లయితే తెలిసిపోతుంది. కానీ లోపల తప్పు సరుకు పెట్టి సీలు వేస్తే, సీలు చెక్కుచెదరలేదనే చెబుతుంది. నింపేటప్పుడు చూడాల్సిన మనిషి చూడాల్సిందే. అలాగే కంటైనర్ టోల్‌ప్లాజాకూ పోర్టు గేటుకూ మధ్య ఎక్కడో ఆగిపోతే, చివరిసారి ఎక్కడ చదివారన్నదే మనకు తెలిసేది. దారంతా కనిపించాలంటే జీపీఎస్ కావాలి, దానికి బ్యాటరీ కావాలి.

ఖర్చు సంగతికొస్తే, ట్యాగ్ కొన్ని రూపాయలే, కానీ ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్‌కు అదీ ఎక్కువే. అక్కడ బార్‌కోడే నయం. శ్రీపెరుంబుదూరు, ఒరగడం కార్ల ఫ్యాక్టరీలకు విడిభాగాలు మోసే ఇనుప బిన్‌లాంటి వాటి సంగతి వేరు. యాంటెన్నాను లోహానికి ఆనకుండా కొంచెం ఎత్తులో నిలిపే ట్యాగ్‌కు ధర ఎక్కువే, అయినా ఒకసారి బిగిస్తే బిన్ తిరిగినన్నాళ్లూ పనిచేస్తుంది. గేటు దాటి వెళ్లిన బిన్‌లలో ఎన్ని తిరిగొచ్చాయి, ఏ సరఫరాదారు దగ్గర ఎన్ని ఆగిపోయాయి అన్నది చూసుకున్నాకే కొత్తవి కొనాలా వద్దా అని తేల్చుకోవచ్చు.