"మాకు ఇమ్యూనిటీ ఉంది డాక్టర్ గారూ": హెపటైటిస్ ఎ అపోహలు, వాస్తవాలు

వానలు మొదలయ్యాయంటే మా ఓపీలో కామెర్ల కేసులు పెరుగుతాయి. వచ్చేది ఎక్కువగా ఇంటర్, ఇంజినీరింగ్ పిల్లలు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళు. రిపోర్టులో హెపటైటిస్ ఎ (కలుషితమైన నీళ్ళు, తిండి ద్వారా సోకి లివర్‌ని దెబ్బతీసే వైరస్) ఐజీఎం పాజిటివ్, అంటే ఈమధ్యే సోకింది అని చెప్పగానే పక్కనున్న అమ్మో నాన్నో అనే మాట దాదాపు ఒకటే: "మా ఇళ్ళల్లో ఎవరికీ ఇలాంటివి రాలేదు డాక్టర్ గారూ, మేమంతా బావినీళ్ళు తాగి పెరిగినవాళ్ళం, మాకు ఇమ్యూనిటీ ఉంది." మిగతా అపోహలన్నీ కలిపినా ఈ ఒక్క నమ్మకం చేసినంత నష్టం చేయవు. అందుకే ముందు దీని సంగతే.

ఆ తల్లిదండ్రుల వరకు ఆ మాట చాలావరకు నిజమే. వాళ్ళకి ఏ మూడేళ్ళ వయసులోనో, ఐదేళ్ళ వయసులోనో ఈ వైరస్ సోకే ఉంటుంది. ఆరేళ్ళలోపు పిల్లల్లో ఎక్కువమందికి కామెర్లు బయటికి కనిపించవు, ఏదో కాస్త జ్వరం, వాంతులు, అంతటితో పోతుంది, ఇంట్లో ఎవరికీ గుర్తు కూడా ఉండదు, కానీ ఐజీజీ యాంటీబాడీలు (వైరస్ వచ్చి పోయాక రక్తంలో మిగిలిపోయే రక్షణ ప్రొటీన్లు) మాత్రం జీవితాంతం కాపలా కాస్తాయి. ఆ రక్షణ ఇన్ఫెక్షన్ వచ్చి పోయినవాళ్ళదే, పిల్లలకి ఆస్తిలా రాసిచ్చేది కాదు. తల్లి దగ్గర్నుంచి బిడ్డకి వచ్చే యాంటీబాడీలు కూడా ఏడాది తిరిగేసరికి దాదాపు పోతాయి. మరి కాచిన నీళ్ళు, ఆర్వో నీళ్ళు తాగుతూ అపార్ట్‌మెంట్‌లో పెరిగిన పిల్లవాడికి వైరస్ ఎదురుపడిందే లేదు, ఇమ్యూనిటీ ఎక్కణ్ణించి వస్తుంది?

మా ఇంట్లోనే ఈ గొడవ జరిగింది. మా నాన్న నల్గొండ వైపు పల్లెలో పెరిగారు, మా పాప మియాపూర్‌లో పుట్టింది. పాపకి హెపటైటిస్ ఎ టీకా వేయిస్తానంటే నాన్న "మనకేం కాదురా, అనవసరంగా పసిదానికి సూదులెందుకు" అని అడ్డం పడ్డారు. ఆయనకి ఐజీజీ చేయిస్తే పాజిటివ్ వచ్చింది. "చూశావా!" అన్నారు. "ఇది మీ రిపోర్టు నాన్నా, పాపది కాదు" అన్నాను. టీకా వేయించాం.

ఇది ఒక్క మా ఇంటి సంగతి కాదు. పుణేలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ వాళ్ళు 1982 నుంచి 1998 దాకా రక్త నమూనాలు పోల్చి చూస్తే, పల్లెల్లోనూ పేద కుటుంబాల్లోనూ పిల్లలకి చిన్న వయసులోనే యాంటీబాడీలు వచ్చేస్తున్నాయి, నగరంలో కాస్త ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో మాత్రం అవి తగ్గుతూ వచ్చాయి. ఇళ్ళు శుభ్రపడ్డాయి కానీ ఊరు అంత వేగంగా శుభ్రపడలేదు. ఇంట్లో జాగ్రత్తగా పెరిగిన పిల్లలు హాస్టల్‌కో, మాదాపూర్ పీజీకో వెళ్తారు. అక్కడ సంపులో ఏం నీళ్ళు పడుతున్నాయో, ట్యాంకర్ ఎక్కడ నింపుకొచ్చిందో అడిగేవాళ్ళు ఉండరు. ఇక పానీపూరీ, బండి మీద చట్నీ, చెరుకురసంలో ఐసు సరేసరి. వైరస్ మొదటిసారి ఎదురయ్యేది అక్కడ, అదీ ఇరవై ఏళ్ళ వయసులో. పెద్దయ్యాక సోకితే పదిమందిలో ఏడుగురికో అంతకంటే ఎక్కువమందికో కామెర్లు వస్తాయి, కొందరికి నీరసం నెలల తరబడి వదలదు, ఎవరో కొద్దిమందికి మాత్రం లివర్ ఫెయిలయ్యే దాకా వెళ్తుంది. దక్షిణ కొరియాలో 2019లో 17 వేలకు పైగా కేసులు వస్తే అందులో ఎక్కువమంది 30, 40ల వయసువాళ్ళే. దేశం బాగుపడుతున్న రోజుల్లో పెరిగి, చిన్నప్పుడు వైరస్ తగలని తరం అది. మన దగ్గర 2024లో కేరళలో మలప్పురం, ఎర్నాకుళం జిల్లాలు ఎంత ఇబ్బంది పడ్డాయో వార్తల్లో చూశాం.

"అయితే చిన్నప్పుడే ఆ నీళ్ళు తాగించేస్తే పోలా?" అని అడిగేవాళ్ళూ ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి. ఆ నీళ్ళలో టైఫాయిడ్, విరేచనాలు, గర్భిణులకి ప్రాణాంతకమయ్యే హెపటైటిస్ ఇ కూడా ఉంటాయి. 2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్ళు తాగి మనుషులు చనిపోయిన సంగతి ఈ ఊళ్ళో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇమ్యూనిటీ కావాలంటే టీకా ఉంది. అర్జెంటీనా 2005లో ఏడాది నిండిన పిల్లలందరికీ ఒక్క డోసు ఇవ్వడం మొదలుపెట్టాక అక్కడ ఈ జబ్బు బాగా తగ్గిపోయింది. మన హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ కూడా 2024లో హావిష్యూర్ పేరుతో దేశీయ టీకా తెచ్చింది.

"పుట్టగానే కామెర్ల టీకా వేయించాం కదా" అంటారు. అది హెపటైటిస్ బి టీకా. హెపటైటిస్ ఎ మీద పనిచేయదు. ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో హెపటైటిస్ ఎ టీకా లేదు, పిల్లల డాక్టర్‌ని అడిగి ఏడాది నిండాక విడిగా వేయించుకోవాలి. పెద్దవాళ్ళు ఐజీజీ చేయించుకుని, నెగెటివ్ అయితే ఆరు నెలల తేడాతో రెండు డోసులు తీసుకోవచ్చు.

ఇక కామెర్లు వచ్చినవాళ్ళ తిండి సంగతి: నూనె, పసుపు, ఉప్పు మానేయక్కర్లేదు, పప్పు, గుడ్డు, పాలు ఏది సహిస్తే అది తినొచ్చు, మద్యం మాత్రం ముట్టకూడదు. పెళ్ళి సంబంధాలు చూస్తున్నాం, ఇది ఎప్పటికీ ఉండిపోతుందా అని ఏడ్చే తల్లులకి: ఉండదమ్మా, హెపటైటిస్ ఎ దీర్ఘకాలిక జబ్బుగా మారదు.

పసరు మందు విషయంలో మాత్రం నాకు ఓపిక ఉండదు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండే ఒక అమ్మాయిని కామెర్లు వచ్చాయని ఊరికి తీసుకెళ్ళి, పసరు పోయించి, చేతికి వాత పెట్టించి, మగతగా మాట్లాడుతుంటే అప్పుడు మా దగ్గరికి తీసుకొచ్చారు. ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో, లివర్ ఎంత దెబ్బతిందో చెప్పే పరీక్ష) చూసి మాకే చెమటలు పట్టాయి. ఐసీయూలో ఉంచాం, దేవుడి దయ, బతికింది. వాళ్ళమ్మ తనను తానే తిట్టుకుంటుంటే ఆమెను ఒక్క మాట అనాలనిపించలేదు, నలుగురూ చెప్పిందే చేసింది ఆవిడ. మీరు మాత్రం బిలిరుబిన్ (రక్తంలో కామెర్ల పసుపు ఎంతుందో చెప్పేది) అంకె ఒక్కటే చూసి టెన్షన్ పడకండి, ఐఎన్ఆర్ కూడా చేయించండి. పగలు మగత, రాత్రి నిద్ర లేకపోవడం, మాట తడబడడం, ఆగని వాంతులు, ఎక్కడినుంచైనా రక్తం, వీటిలో ఏది కనిపించినా పొద్దున దాకా ఆగొద్దు.

ఇంకొకటి. కళ్ళు పచ్చబడడానికి వారం రెండు వారాల ముందు నుంచే వైరస్ ఇతరులకి అంటుతుంది, కాబట్టి ఇంట్లో ఒకరికి వచ్చాక గిన్నెలు వేరుపెట్టడంతో సరిపోదు. మిగతావాళ్ళలో ఇంతకుముందు టీకా వేయించుకోనివాళ్ళు, జబ్బు రానివాళ్ళు ఉంటే, వైరస్ తగిలిన రెండు వారాల్లోపు టీకా వేయించాలి. రోగితో పాటు వాళ్ళని కూడా అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.