పాజిటివ్ సైకాలజీ: అపోహలు - వాస్తవాలు

కౌన్సెలింగ్‌కు వచ్చేవారిలో చాలామంది, "పాజిటివ్‌గా ఉండాలని ఎంత ప్రయత్నించినా నావల్ల కావడం లేదండీ" అంటూ తమను తామే నిందించుకుంటారు. ఉన్న దుఃఖానికి, దుఃఖపడుతున్నామన్న అపరాధభావం తోడవుతుంది. ఈ రెండో భారాన్ని వారి మీద మోపినవి పాజిటివ్ సైకాలజీ పేరుతో ప్రచారమవుతున్న అపోహలే. 1998లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షుడిగా మార్టిన్ సెలిగ్‌మన్ ఈ శాఖకు పునాది వేసినప్పుడు కోరింది ఒక్కటే: మానసిక రుగ్మతలను ఎంత శ్రద్ధగా పరిశోధిస్తున్నామో, మనిషిలోని బలాలనూ జీవన సంతృప్తినీ అంత శ్రద్ధగానూ పరిశోధించాలి.

అపోహ: మంచి మాటలు పదేపదే అనుకుంటే మనసు బాగుపడుతుంది.

వాస్తవం: అందరికీ కాదు. 2009లో కెనడాకు చెందిన జోయాన్ వుడ్ బృందం ప్రచురించిన ప్రయోగంలో, "నేను ప్రేమకు అర్హమైన వ్యక్తిని" అన్న వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ అనుకున్నవారిలో, ఆత్మగౌరవం తక్కువగా ఉన్నవారి మనఃస్థితి ఆ వాక్యం అనుకోనివారికంటే దిగజారింది. తనపై తనకు నమ్మకం లేని మనిషి పెద్ద మాట అనుకోగానే, అది నిజం కాదనిపించే జ్ఞాపకాలన్నీ లోపలి నుంచి తోసుకొస్తాయి. అందుకే పరీక్ష తప్పిన విద్యార్థికి "నేను గెలిచి తీరతాను" అనుకోమని నేను చెప్పను. "నిన్న అర్థంకాని లెక్కను ఇవాళ మాస్టారిని అడిగి చేశాను" వంటి, తాను కాదనలేని చిన్న నిజాన్ని రాసుకోమంటాను. ఇక ఇంట్లో చావు జరిగి నెలైనా కాకముందే "ఏడవకు, పాజిటివ్‌గా ఆలోచించు" అనడం నా దృష్టిలో క్రూరత్వమే. దుఃఖపడవలసిన చోట దుఃఖపడటం మానసిక ఆరోగ్యంలో భాగం.

అపోహ: కృతజ్ఞతా డైరీ ఎంత ఎక్కువ రాస్తే అంత మేలు.

వాస్తవం: సెలిగ్‌మన్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనంలో ఇచ్చిన అభ్యాసం చాలా చిన్నది. వారం రోజులపాటు ప్రతి రాత్రి, ఆ రోజు జరిగిన మూడు మంచి విషయాలను, వాటితోపాటు అవి ఎందుకు జరిగాయో రాయాలి. ఇలా రాసినవారిలో పెరిగిన సంతోషం, తగ్గిన కుంగుబాటు లక్షణాలు ఆరు నెలల తర్వాత కూడా కనిపించాయి. వారం గడిచాక తమంతట తాము కొనసాగించినవారికి లాభం ఎక్కువగా దక్కింది. అదే అధ్యయనంలో, తమకు మేలు చేసినవారికి కృతజ్ఞతాలేఖ రాసి స్వయంగా అందించినవారి సంతోషం వెంటనే అన్నిటికంటే ఎక్కువగా పెరిగినా, నెల రోజులు నిలిచి, మూడు నెలలకల్లా తగ్గిపోయింది.

మనవాళ్ళు ఎక్కువగా వదిలేసేది "ఎందుకు" అన్న భాగాన్నే. "అత్తయ్య టిఫిన్ బాక్సు సర్ది పెట్టింది" అని రాసి ఆపకుండా, "నాకు పొద్దున్నే ఆలస్యమవుతోందని ఆవిడ గమనించింది" అని కూడా రాసినప్పుడు, తనను పట్టించుకునే మనిషి ఇంట్లో ఉందన్న ఎరుక కలుగుతుంది. రాసిందే మళ్ళీ రాస్తూ మొక్కుబడిగా మారితే, వారానికి ఒకసారికి తగ్గించడమే మంచిది. ఫలితం ఎంత ఉంటుందంటే, 2013లో 39 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ ప్రకారం ఇలాంటి అభ్యాసాల సగటు ప్రభావం చిన్నదే, కానీ నిజమైనది. అద్భుతాలు జరుగుతాయని మాట ఇచ్చేవారిని నమ్మవద్దు.

అపోహ: సంతోషానికి కచ్చితమైన లెక్క ఉంది.

వాస్తవం: ఒక ప్రతికూల భావానికి మూడు సానుకూల భావాలు ఉండాలన్న నిష్పత్తికి ఆధారంగా చూపిన గణిత నమూనా తప్పని 2013లో తేలడంతో, ఆ నిష్పత్తిని ప్రతిపాదించిన పరిశోధనా వ్యాసం రాసినవారిలో ఒకరు ఆ గణిత భాగాన్ని ఉపసంహరించుకున్నారు. సంతోషంలో 40 శాతం మన చేతుల్లోనే ఉందన్నది కూడా మనుషుల మధ్య తేడాలకు వేసిన ఉజ్జాయింపు మాత్రమే. ఏ ఒక్కరి జీవితానికీ అది కొలత కాదు. నెలల తరబడి జీతం అందని మనిషికి ముందు కావలసింది జీతం.

అపోహ: ఈ అభ్యాసాలు చేస్తే మందులు అక్కరలేదు.

వాస్తవం: రెండు వారాలకు మించి దిగులు వీడకపోయినా, నిద్ర, ఆకలి, పనిమీద ఆసక్తి పోయినా సైకియాట్రిస్టును కలవాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగకుండా ఆ క్షణమే, ఏ వేళలోనైనా ఉచితంగా పనిచేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయాలి. అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు. చికిత్స మొదలయ్యాక, డాక్టరుతో చెప్పి, పై అభ్యాసాలలో ఓపిక ఉన్న ఒక్కదాన్ని దానితోపాటే కొనసాగించవచ్చు.